స్కేలు, కంపాసు, నల్ల ఇంకు: జామెట్రిక్ లినో ప్రింట్ మొదట్నుంచి చివరిదాకా

బొమ్మలేయడం రాదు కాబట్టి ప్రింట్‌మేకింగ్ మన వల్ల కాదు అనుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. జామెట్రిక్ ప్రింట్‌కి ఆ భయం అక్కర్లేదు, స్కేలూ కంపాసూ పట్టుకోవడం వస్తే సగం పని అయినట్టే, మిగతా సగం మాత్రం ఓపిక, ఎందుకంటే చెట్టు బొమ్మలో కొమ్మ కాస్త వంకరపోయినా ఎవరూ పట్టించుకోరు గానీ చతురస్రం అంచు ఒక్క మిల్లీమీటరు వంకరపోతే గది అవతల నించున్నవాళ్ళకి కూడా తెలిసిపోతుంది.

లినో ప్రింట్ అంటే లినో అనే పలకని ఉలితో చెక్కి, మిగిలిన చోట ఇంకు పూసి, కాగితం మీద అచ్చు తీయడం. ఇక్కడ 15 బై 20 సెంటీమీటర్ల లినో ముక్క మీద ఒకే ఒక డిజైన్ తీసుకుని, ఆలోచన దగ్గర్నుంచి సంతకం దాకా వెళ్దాం. ఒక చతురస్రం, ఒక వృత్తం, కింద ఒక పట్టీ, అంతే. తర్వాత మీ సొంతది వేసుకోవచ్చు, ముందు ఇది చేస్తే చెయ్యి కుదురుతుంది.

మొదలుపెట్టే ముందే ఒక విషయం బుర్రకి ఎక్కించుకోవాలి. పెన్సిల్ పట్టుకున్నప్పుడు మనం వేసేది నలుపు, తెలుపు దానంతటదే మిగిలిపోతుంది. లినోలో ఇది తిరగబడుతుంది, ఉలి వెళ్ళిన చోటల్లా తెలుపు, ముట్టుకోని చోటల్లా నలుపు. అంటే మీ చేతులు నిజంగా తయారుచేసేది తెల్ల ఆకారాల్ని. అందుకే "బ్యాక్‌గ్రౌండ్" అనే మాటని ఈ పని అయ్యేదాకా మర్చిపోండి, మిగిలిపోయిన ఖాళీ అంటూ ఏదీ లేదు, ప్రతి తెల్ల ముక్కకీ ఒక ఆకారం ఉంది, అది బాగుందా లేదా అని నల్లదాన్ని చూసినంత శ్రద్ధగా చూడాలి. ప్రింట్లు తేలిపోయేది ఎక్కువగా ఇక్కడే.

సామాన్లు

లినో అంటే అవిసె నూనె, కార్కు పొడి, చెక్క పొడి కలిపి గోనె గుడ్డ మీద పరిచి గట్టిపరిచిన పలక. 1860ల్లో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఇంగ్లండ్ ఆయన నేల మీద పరవడానికి తయారుచేశాడు, ఆర్టిస్టులు తర్వాత తమ పనికి వాడుకోవడం మొదలెట్టారు. మన పనికి దీని గొప్పతనం ఏంటంటే చెక్కలో ఉండే పోగు ఇందులో ఉండదు, ఏ దిక్కుకి కోసినా ఒకేలా తెగుతుంది, వృత్తం కోసేటప్పుడు ఆ విలువ తెలుస్తుంది. 3 మిల్లీమీటర్లకి కాస్త అటూఇటూ మందం ఉన్నది తీసుకోండి. పాతబడిన లినో గట్టిపడి పెళుసుగా పొడిపొడిగా ఊడుతుంది, కొనేటప్పుడు అంచు కొంచెం వంచి చూడండి, పగుళ్ళు కనిపిస్తే వదిలేయండి.

రబ్బరులా మెత్తగా ఉండే గులాబీ, నీలం రంగు బ్లాకులు కూడా దొరుకుతాయి, బిగినర్స్‌కి అవే మంచివని చాలామంది చెప్తారు. పువ్వులూ ఆకులూ అయితే సరే. జామెట్రిక్ పనికి నేనైతే వద్దనే అంటాను, కత్తి ఒత్తిడికి మెత్తటి బ్లాకు పక్కకి వంగుతుంది, సరళరేఖ అనుకున్నది అల అయిపోతుంది, సన్నటి మూలలు రోలర్ కింద ఊగుతాయి.

ఉలులు మూడు చాలు (వీ, యూ అనేవి మొన ఆకారాలు): సన్నటి వీ ఉలి ఒకటి, 3 మిల్లీమీటర్ల యూ ఉలి ఒకటి, పెద్ద ఖాళీలు తీయడానికి వెడల్పాటి యూ ఉలి ఒకటి. వీటితో పాటు క్రాఫ్ట్ నైఫ్, దానికి కొత్త బ్లేడ్లు, స్టీల్ స్కేలు (ప్లాస్టిక్‌ది కత్తికి బలైపోతుంది), కంపాసు, కనీసం 8 సెంటీమీటర్ల వెడల్పున్న రబ్బరు రోలర్, ఇంకు పరవడానికి గాజు పలక, రుద్దడానికి బారెన్ (చేత్తో పట్టుకుని రుద్దే చదునైన గుండ్రటి బిళ్ళ) గానీ నున్నటి చెక్క చెంచా గానీ.

ఇంకు దగ్గర కాస్త ఆలోచించాలి. నీళ్ళ ఇంకు కడగడం తేలిక, కానీ గాజు మీద నిమిషాల్లో ఆరిపోవడం మొదలెడుతుంది, మన డిజైన్‌లో ఉన్నట్టు పెద్ద నల్ల మైదానాలు ఉంటే మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఆయిల్ ఇంకు నింపాదిగా పని చేసుకోనిస్తుంది, నలుపు చిక్కగా దిగుతుంది, ఆరడానికి మాత్రం రోజులు పడుతుంది. ఈ రెండిటికీ మధ్యలో, ఆయిల్ ఇంకే అయినా సబ్బు నీళ్ళతో పోయే రకం ఒకటి వస్తోంది, ఒక్కటే కొనగలిగితే అదే కొనండి. పెయింటింగ్‌కి వాడే యాక్రిలిక్ రంగు వేస్తే అవుతుందా అని అడుగుతుంటారు, అవ్వదు, అది పల్చన, తొందరగా ఆరుతుంది, ఉలి గీసిన సందుల్లోకి జారిపోతుంది.

కాగితం: చేత్తో రుద్దేటట్టయితే పల్చటిదే మేలు, 60 నుంచి 120 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) లోపు, నున్నగా ఉండాలి. జపనీస్ కోజో కాగితాలు దీనికి బాగా పనికొస్తాయి, పల్చగా ఉన్నా పోగు పొడవు కాబట్టి రుద్దినా చిరగవు. 250 జీఎస్ఎం దళసరి కాగితం చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ ప్రెస్ లేకుండా దాని మీద నిండు నలుపు తేవాలంటే భుజాలు పడిపోతాయి.

స్టెప్ 1: పెన్సిల్ వద్దు, కత్తెర తీయండి

డిజైన్ గీతలతో మొదలెడితే మనసు అవుట్‌లైన్ల వైపు పోతుంది. ప్రింట్‌లో అవుట్‌లైన్లు ఉండవు, నిండు ఆకారాలుంటాయి. కాబట్టి నల్ల కాగితం, తెల్ల కాగితం తీసుకుని చతురస్రాలు, వృత్తాలు, పట్టీలు రెండు రంగుల్లోనూ కత్తిరించి 15 బై 20 తెల్ల కాగితం మీద జరుపుతూ చూడండి. అంటించొద్దు. జరపడం, ఫోన్‌లో ఫోటో తీయడం, మళ్ళీ జరపడం. ఫోటోని తలకిందులు చేసి చూడండి, ఆ తర్వాత ఫోన్‌లోనే నెగటివ్ చేసి చూడండి. నెగటివ్‌లో కూడా కూర్పు నిలబడితే మీ తెల్ల ఆకారాలు బలంగా ఉన్నట్టు, నెగటివ్‌లో చెత్తగా కనిపిస్తే నల్లవాటినే చూసుకుంటూ తెల్లవాటిని గాలికొదిలేశారని అర్థం.

మనం చేయబోయేది ఇది. పైన ఎడమ మూల నుంచి 10 సెంటీమీటర్ల నల్ల చతురస్రం, అది పై అంచునీ ఎడమ అంచునీ తాకుతూ ఉంటుంది. ఆ చతురస్రం కింది కుడి మూల ఎక్కడుందో సరిగ్గా అక్కడ కేంద్రం పెట్టి 8 సెంటీమీటర్ల వ్యాసంతో ఒక వృత్తం. ఇప్పుడు వృత్తంలో పావు భాగం చతురస్రం లోపల, ముప్పావు భాగం బయట ఉంటుంది. బయటున్న ముప్పావు నలుపు, లోపలున్న పావు తెలుపు. నలుపు మీదకి నలుపు వచ్చిన చోట తెల్లగా తిరగబడుతుందన్నమాట. అడుగున 5 సెంటీమీటర్ల ఎత్తున్న నల్ల పట్టీ, దాన్ని అడ్డంగా చీల్చుతూ ఐదు తెల్ల గీతలు, మందం 1, 1.5, 2, 2.5, 3 మిల్లీమీటర్లు, పై నుంచి కిందకి పెరుగుతూ. కుడివైపు పైన ఏమీ లేదు, నిండు తెలుపు.

ఈ తారుమారు పద్ధతి నలుపు-తెలుపు పనికి ప్రాణం. మూడో రంగు లేకుండానే ఒక ఆకారం ఇంకో దాని ముందుందా వెనకుందా అని కన్ను తేల్చుకోలేక అటూఇటూ తిరుగుతుంది, ఆ తిరుగుడే బొమ్మని కదిలిస్తుంది. ఐదు గీతల మందం క్రమంగా పెంచడం కూడా అలాంటిదే. ఇంగ్లండ్ ఆర్టిస్టు బ్రిజెట్ రైలీ 1961లో వేసిన మూవ్‌మెంట్ ఇన్ స్క్వేర్స్ అనే పెయింటింగ్‌లో ఉన్నవి చదరంగం గళ్ళే, ఎత్తు ఎక్కడా మారదు, వెడల్పు ఒక్కటే తగ్గుతూ పోయి మళ్ళీ పెరుగుతుంది, అంతమాత్రానికే పలక లోపలికి మడత పడినట్టు ఉంటుంది. ఒక్కదాన్నే మార్చి మిగతావి కదలనివ్వకపోతే ఎంత పని జరుగుతుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. గీతల మందమూ మార్చి, సందులూ మార్చి, వాలు కూడా మార్చితే ఏదీ కనిపించదు.

స్టెప్ 2: లెక్క చూసుకోండి

నలుపు సగం తెలుపు సగం అయిన కూర్పులు ఎక్కువగా నిద్రపోతున్నట్టుంటాయి, ఏదో ఒకటి పైచేయి అవ్వాలి. మన డిజైన్ లెక్క వేస్తే చతురస్రం 100 చదరపు సెంటీమీటర్లు, అందులోంచి పావు వృత్తం సుమారు 12.5 పోతే 87 చిల్లర, బయటి ముప్పావు వృత్తం ఇంకో 37 చిల్లర, పట్టీలో గీతలు పోగా 60, మొత్తం 185 దాకా నలుపు, బ్లాకు మొత్తం 300. అంటే 60 శాతం పైచిలుకు. ఇది బాగుంటుంది. 70 దాటితే రాత్రి దృశ్యంలా బరువెక్కుతుంది, అదీ తప్పేం కాదు, కావాలని చేస్తే.

ఇంకో సంగతి. ఒకే సైజు ఉన్నా నలుపు మీద తెల్ల ఆకారం కాస్త పెద్దగా, తెలుపు మీద నల్లది కాస్త చిన్నగా కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీని గురించి వివరంగా రాశాడు, ఇర్రేడియేషన్ అంటారు. అందుకే పట్టీలో తెల్ల గీత 1 మిల్లీమీటరే ఉన్నా ఎంచక్కా కనిపిస్తుంది. అదే తెలుపు మీద ఒంటరి నల్ల గీత కావాలంటే కనీసం 2 మిల్లీమీటర్లు ఉంచండి, చూడ్డానికి మాత్రమే కాదు, అంతకంటే సన్నగా ఉంటే చెక్కేటప్పుడో పదో ప్రింట్ దగ్గరో విరిగిపోతుంది.

ఆకారాలు ఒకదాన్నొకటి "దాదాపు" తాకేలా పెట్టొద్దు. వృత్తం అడుగుకీ పట్టీకీ మధ్య మనం 1 సెంటీమీటరు ఉంచాం, వృత్తం కుడి కొసకీ బ్లాకు అంచుకీ మధ్య కూడా అంతే. అది 2 మిల్లీమీటర్లయితే చూసేవాళ్ళ కన్ను మొత్తం ఆ సందులోకే పోతుంది, వేరే ఏదీ చూడదు. ఒకదాని మీదకి ఒకటి ఎక్కిస్తే బాగా ఎక్కించాలి, లేదంటే దూరం ఉంచాలి.

స్టెప్ 3: లినో మీదకి దించడం

ముందు లినో పైభాగాన్ని 400 నంబరు సాండ్ పేపర్‌తో నీళ్ళు లేకుండా తేలిగ్గా రుద్దండి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జిడ్డు పొర పోతుంది, ఇంకు సమంగా పడుతుంది. దుమ్ము గుడ్డతో తుడిచేయండి. ఆ తర్వాత నీళ్ళు బాగా కలిపిన ఇండియన్ ఇంకు పల్చటి పూత ఒకటి వేసి ఆరనివ్వండి. పైన ముదురు రంగు, లోపల లేత రంగు, ఇక మీరు కోసిన ప్రతి గీతా అచ్చంగా ప్రింట్‌లో కనిపించబోయే తెలుపులాగే కనిపిస్తుంది, సగం పని అయ్యాక ఇది ఎంత ఉపకారమో మీకే తెలుస్తుంది.

ప్రింట్ అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది కాబట్టి డిజైన్‌ని ట్రేసింగ్ పేపర్ మీద గీసి, బోర్లించి, కింద కార్బన్ పేపర్ పెట్టి లినో మీదకి దించండి. మన చతురస్రం బ్లాకు మీద కుడివైపు వస్తుంది. కంగారు పడొద్దు, అదే కరెక్టు. సరళరేఖల్ని మాత్రం ట్రేసింగ్ మీద నమ్మకం పెట్టుకోకుండా మూలల చుక్కలు మాత్రమే దించి, లినో మీదే స్టీల్ స్కేలుతో మళ్ళీ గీయండి. వృత్తం కూడా అంతే, కేంద్రం దించి కంపాసుతో అక్కడే తిప్పండి. కేంద్రం ఉన్న చోట రెండు సరళరేఖలు కలుస్తున్నాయి కాబట్టి సూది గుచ్చిన గుంట ఇబ్బంది పెట్టదు, కానీ మీ సొంత డిజైన్‌లో కేంద్రం నిండు నలుపులో ఉంటే ఆ గుంట ప్రింట్‌లో తెల్ల చుక్కగా తేలుతుంది, అప్పుడు కేంద్రం మీద చిన్న అట్టముక్క టేపుతో అంటించి దాని మీద సూది పెట్టండి.

చివరగా తెల్లగా పోవాల్సిన భాగాలన్నిట్లో చిన్న ఇంటూ మార్కులు పెట్టేయండి. తారుమారు డిజైన్లలో ఏది ఉంచాలో ఏది తీయాలో చేతికి గుర్తుండదు, పావు వృత్తం దగ్గర ముఖ్యంగా.

స్టెప్ 4: అంచులు కోయడం

అసలు పని ఇదే, ఇక్కడ తొందరపడొద్దు.

లినోని ముందు కాస్త వెచ్చబెట్టండి, ఎండలో కొద్దిసేపు గానీ హెయిర్ డ్రయ్యర్‌తో గానీ. వెచ్చగా ఉంటే మెత్తగా తెగుతుంది. చల్లారి బిరుసెక్కినప్పుడు మళ్ళీ వెచ్చబెట్టుకోవచ్చు. బ్లాకు జారకుండా కింద బెంచ్ హుక్ (టేబుల్ అంచుకి తగులుకుని బ్లాకుని ఆపే పలక) గానీ జారని మ్యాట్ గానీ ఉండాలి. పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకాలే, ముందు వైపు వేలు పెట్టి పట్టుకుంటే ఏదో ఒకరోజు కుట్లు పడతాయి. ఉలి మొద్దుబారితే ఎక్కువ బలం పెడతారు, బలం పెడితేనే జారుతుంది, కాబట్టి పని మధ్యలో లెదర్ ముక్క మీద పాలిషింగ్ పేస్టు రాసి సాన పడుతూ ఉండండి.

సరళరేఖలకి నేరుగా ఉలి వాడొద్దు, ముందు కత్తి. స్టీల్ స్కేలుని నల్లగా మిగలాల్సిన వైపు మీద పెట్టండి, అలా పెడితే కత్తి జారినా తెలుపు వైపుకే పోతుంది. కత్తిని నిటారుగా కాకుండా, పిడిని నలుపు వైపుకి కొంచెం వాల్చి, మొన తెలుపు వైపుకి పోయేలా పట్టుకోండి. అప్పుడు నల్ల భాగం అంచు గోడలా నిటారుగా ఉండకుండా కిందకి పోయేకొద్దీ వెడల్పవుతుంది, కొండ వాలు అన్నట్టు, అలాంటి అంచు రోలర్ ఎంత నొక్కినా విరగదు. వాలు అటుది ఇటు అయితే నలుపు అంచు కింద బోలుగా మిగులుతుంది, మొదటి నాలుగు ప్రింట్లు బాగానే వస్తాయి, ఆ తర్వాత అంచు ముక్కలుగా రాలడం మొదలవుతుంది. లోతు ఒకటిన్నర మిల్లీమీటరు చాలు, గోనె గుడ్డ దాకా పోనక్కర్లేదు. ఒకే నొక్కుతో కాకుండా రెండు మూడు సార్లు తేలిగ్గా లాగండి.

తర్వాత ఆ కోతకి ఒక మిల్లీమీటరు అవతల, తెలుపు వైపు, వీ ఉలితో సమాంతరంగా గాడి తీయండి, మధ్యలో ఉన్న సన్నటి లినో పీలిక దానంతటదే ఊడొస్తుంది. అంచు కత్తిలా శుభ్రంగా ఉంటుంది.

వృత్తానికి ఉలిని తిప్పొద్దు, బ్లాకుని తిప్పండి. ఉలి పట్టుకున్న చెయ్యి టేబుల్‌కి ఆనించి కదలకుండా ఉంచి, రెండో చేత్తో లినోని నెమ్మదిగా ఉలి వైపుకి తిప్పుతూ పోతే వంపు నున్నగా వస్తుంది. ఆగి మళ్ళీ మొదలెట్టిన ప్రతిచోటా చిన్న మూల పడుతుంది కాబట్టి వీలైనంత పొడుగు వంపుని ఒకే ఊపులో లాగండి. గీత మీద కాకుండా గీతకి అర మిల్లీమీటరు తెలుపు వైపుకి మొదటి కోత వేసి, రెండో కోతలో గీత దాకా రండి.

ఇప్పుడు ఈ డిజైన్‌లో అన్నిటికంటే చిక్కు చోటు. వృత్తం చతురస్రం అంచుల్ని రెండు చోట్ల కోస్తుంది, కుడి అంచు మీద ఒకటి, కింది అంచు మీద ఒకటి. ఆ రెండు బిందువుల దగ్గర చదరంగం గళ్ళ మూలల్లాగే రెండు నలుపులు మూలకి మూల కలుస్తాయి, రెండు తెలుపులూ అలాగే కలుస్తాయి. కాగితం మీద అది ఒక చుక్క, లినో మీద అలాంటి చుక్క ఉండదు, ఉంటే వంతెన ఉండాలి లేదా సందు ఉండాలి. నేను చెప్పేదేంటంటే, కత్తి మొనని సరిగ్గా ఆ చుక్క మీద నిలబెట్టి నొక్కి, అక్కణ్ణుంచి బయటకి కోయండి, చుక్క వైపుకి ఎప్పుడూ కోయొద్దు. వైపుకి కోస్తే ఏదో ఒక కోత చుక్క దాటి అవతలి నలుపులోకి వెంట్రుకంత గీత పెట్టేస్తుంది, ఆ వెంట్రుకే ప్రింట్‌లో ముందు కనబడుతుంది. నాలుగు కోతలూ చుక్క నుంచి బయటకి పోతే నల్ల మూలలు రెండూ అంటీ అంటనట్టు మిగులుతాయి, ఇంకు పడ్డాక నలుపు ఎలాగూ కొంచెం ఉబ్బుతుంది కాబట్టి ఆ మిగతాది అదే కలిపేస్తుంది. ముందుజాగ్రత్తగా వంతెన వదిలితే ఇంకు దాన్ని ఇంకా లావు చేసి ముడి పడినట్టు చూపిస్తుంది.

పట్టీలో తెల్ల గీతలు తేలిక. 1 మిల్లీమీటరు దానికి స్కేలు పక్కన వీ ఉలి ఒక్కసారి లాగితే చాలు, మిగతావాటికి రెండు వైపులా కత్తి కోతలు పెట్టి మధ్యలోది చిన్న యూ ఉలితో ఎత్తేయండి.

స్టెప్ 5: ఖాళీలు తీయడం, మిగిలే గాట్ల సంగతి

అంచులన్నీ అయ్యాక పెద్ద తెల్ల భాగాల్ని వెడల్పాటి యూ ఉలితో తీసేయాలి. అంచుల దగ్గర తక్కువ లోతు చాలు, పెద్ద ఖాళీ మధ్యలో మాత్రం లోతు ఎక్కువ కావాలి, ఎందుకంటే కాగితం అక్కడ కిందకి వంగి అడుగుని తాకుతుంది, రోలర్ కూడా దిగుతుంది.

ఎంత తీసినా ఉలి గట్లు కొన్ని మిగిలి, వాటికి ఇంకు అంటి, తెలుపులో సన్నటి గీతలుగా వస్తాయి. వాటిని ఉంచాలా తీసేయాలా అన్నది మీ ఇష్టం, కానీ ఒకటే నిర్ణయం ఉండాలి. ఉంచేటట్టయితే గట్లన్నీ ఒకే దిక్కుకి ఉండేలా, ఉదాహరణకి పట్టీ గీతలకి సమాంతరంగా, చెక్కండి, అప్పుడు అది కావాలని చేసిన టెక్స్చర్ అవుతుంది. నాకైతే ఇలాంటి కటువైన జామెట్రీలో తెలుపు తెల్లగా ఉంటేనే నచ్చుతుంది. చెక్క అయితే వేరే కథ, బ్రెజిల్ ఆర్టిస్టు లీజియా పాపే 1950ల్లో చేసిన టెసెలారెస్ అనే వుడ్‌కట్‌లలో సన్నటి తెల్ల గీతల జామెట్రీ ఉంటుంది, నల్ల మైదానాల్లో చెక్క పోగు అలాగే కనిపిస్తుంది, అక్కడ ఆ పోగే అందం. లినోకి ఆ పోగు లేదు కాబట్టి దాని అందం నిండు నలుపులోనూ కత్తి అంచులోనూ వెతుక్కోవాలి.

స్టెప్ 6: ప్రూఫ్ (సరిచూసుకోవడానికి ముందుగా తీసే ప్రింట్)

గాజు మీద టీస్పూనులో సగం ఇంకు వేసి, రోలర్‌ని ముందుకీ వెనక్కీ, అడ్డంగా కూడా దొర్లించండి, ప్రతిసారీ చివర్లో రోలర్‌ని ఎత్తి మళ్ళీ పెట్టండి. ఇంకు సరిగ్గా ఉందో లేదో చెవితోనే చెప్పొచ్చు. పల్చగా సమంగా పరుచుకున్నప్పుడు సన్నగా చిటచిటమంటుంది, ఎక్కువైనప్పుడు తడితడిగా చప్పరించినట్టు ఉంటుంది, పైకి చూస్తే నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా కనబడుతుంది. అలా ఉంటే కొంత తీసేసి మళ్ళీ దొర్లించండి.

బ్లాకు మీద ఒకేసారి మందంగా వేయొద్దు. పల్చటి పొర, మళ్ళీ గాజు మీదకి, మళ్ళీ బ్లాకు మీదకి, ఇలా నాలుగైదు విడతలు, దిక్కు మారుస్తూ. ఇంకు మందమైతే 1 మిల్లీమీటరు గీత పూడుకుపోతుంది, ఒకసారి పూడిందంటే టూత్‌పిక్‌తో తీయాల్సిందే.

కాగితం వేసి, పైన ఒక బేకింగ్ పేపర్ పెట్టి చెంచా వెనక వైపుతో చిన్న చిన్న వృత్తాలుగా రుద్దండి, మధ్య నుంచి అంచులకి. ఒక మూల పట్టుకుని సగం దాకా ఎత్తి చూడండి, రెండో సగం బ్లాకుకే అంటి ఉండాలి, చాలదనిపిస్తే దించి అక్కడ ఇంకాస్త రుద్దండి. మొదటి రెండు మూడు ప్రింట్లు వెలిసినట్టే వస్తాయి, లినో కొంత ఇంకు తాగుతుంది, దాన్ని చూసి ఏమీ మార్చెయ్యొద్దు.

నాలుగో దానికి కూడా నల్ల చతురస్రం మధ్యలో తెల్ల చుక్కలు చల్లినట్టుంటే ఇంకు చాల్లేదనో ఒత్తిడి చాల్లేదనో లెక్క. ఏదో తెలుసుకోవడం ఎలాగంటే అదే ఇంకుతో చెంచాతో గట్టిగా రుద్దిన చోటు నిండి, మిగతాది నిండకపోతే ఒత్తిడి, గట్టిగా రుద్దినా చుక్కలే ఉంటే ఇంకు. రెండూ సరిగ్గానే ఉండి ఇంకా వస్తుంటే కాగితం గరుకు, నున్నటిది మార్చండి. ఒకే చోట ప్రతిసారీ గుండ్రటి తెల్ల మచ్చ వస్తోందంటే అక్కడ దుమ్మో లినో తునకో ఇంకులో కూర్చుంది, దాన్ని టేపుతో ఎత్తేయండి.

ప్రూఫ్ గోడకి పెట్టి దూరం నుంచి చూడండి. పూర్తిగా తీయని గట్లు, వంపులో మూలలు ఇప్పుడు కనిపిస్తాయి. తెలుపు పెంచొచ్చు, నలుపు పెంచలేం, కాబట్టి దిద్దుబాట్లు కొంచెం కొంచెంగా.

స్టెప్ 7: వరసగా తీయడం

పది ప్రింట్లలో బొమ్మ ఒకే చోట పడాలంటే ఒక గట్టి అట్ట మీద బ్లాకు కూర్చునేలా ఎల్ ఆకారంలో లినో ముక్కలు అంటించుకోండి, కాగితం రెండు మూలలు ఎక్కడికి రావాలో గీత పెట్టుకోండి. కాగితం 21 బై 28 సెంటీమీటర్లకి కోసుకుంటే పక్కలకి మూడేసి, పైన మూడున్నర, కింద నాలుగున్నర సెంటీమీటర్లు మార్జిన్ వస్తుంది. కింద ఎక్కువ ఎందుకంటే సంతకానికి చోటు కావాలి, పైగా పైనా కిందా సమానంగా పెడితే బొమ్మ కిందకి జారినట్టు అనిపిస్తుంది. మన డిజైన్‌లో ఇంకో విషయం, కుడివైపు పైన ఉన్న ఖాళీ తెలుపుకి గీత అంటూ ఏమీ లేదు, అది నేరుగా మార్జిన్‌లో కలిసిపోతుంది, బ్లాకు అంచు ఎక్కడుందో కన్నే ఊహించుకుంటుంది. కాబట్టి కాగితం వంకరగా పడితే ఈ ప్రింట్‌లో మామూలు కంటే ఎక్కువ తెలుస్తుంది. ఆ మార్జిన్‌లో నల్ల వేలిముద్ర పడితే కూడా అంతే, కాగితం పట్టుకోవడానికి రెండు చిన్న అట్టముక్కలు మడిచి పట్టుకారులా వాడండి, ఇంకు చేత్తో కాగితం ముట్టుకోవద్దు.

ప్రతి ప్రింట్‌కీ మళ్ళీ ఇంకు వేయాలి, అదే చిటచిట, అదే విడతలు. మధ్యలో సన్న గీతలు పూడుతున్నట్టనిపిస్తే ఇంకు వేయకుండా రెండు పాత కాగితాల మీద ఒత్తి తీసేయండి, సందులు తేరుకుంటాయి.

స్టెప్ 8: ఆరబెట్టడం, నంబర్లు, శుభ్రం

ఆయిల్ ఇంకు ప్రింట్లని ఒకదాని మీద ఒకటి పెట్టొద్దు, దారానికి క్లిప్పులతో వేలాడదీయండి. వాతావరణాన్ని బట్టి, ఇంకు మందాన్ని బట్టి మూడు రోజుల నుంచి వారం పైన పట్టొచ్చు. మార్జిన్‌కి దగ్గరగా నలుపు మీద వేలు ఆనిస్తే జిడ్డు తగలకపోతే ఆరినట్టు.

సంతకం పెన్సిల్‌తోనే, బొమ్మ కింద, కుడివైపు. ఎడమవైపు నంబరు, 3/10 అంటే పదింటిలో మూడోది అని. పేరు పెడితే మధ్యలో. ప్రూఫ్‌లని ఈ లెక్కలో కలపరు. పది అని రాశాక పదకొండోది తీయకూడదు, అది ఈ రంగంలో మాట మీద నిలబడే విషయం.

శుభ్రానికి ముందు గాజు మీద మిగిలిన ఇంకుని స్క్రేపర్‌తో గీకి తీసేయండి, తర్వాత రోలర్నీ బ్లాకునీ వంటనూనెతో గుడ్డ పెట్టి తుడిచి, ఆ తర్వాత సబ్బు గుడ్డ. లినోని నీళ్ళలో నానబెట్టొద్దు, గోనె గుడ్డ నీళ్ళు పీల్చి బ్లాకు వంకరపోతుంది. అవిసె నూనె ఇంకు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయొద్దు, ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉంటే ఆ వేడి బయటకి పోలేక గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. విడదీసి బయట పరిచి పూర్తిగా ఆరాకే పారేయండి. రోలర్‌ని రబ్బరు మీద ఆనించి వదిలేస్తే ఒకవైపు చదునైపోతుంది, వెనక్కి తిప్పి కాళ్ళ మీద నిలబెట్టండి లేదా కొక్కేనికి తగిలించండి. బ్లాకు పదిలంగా ఉంటే కాగితంలో చుట్టి చదునుగా, ఎండ తగలని చోట పెట్టుకోండి, అదే బ్లాకుని తలకిందులు చేసి ఇంకో కాగితం మీద ఒత్తితే వేరే కూర్పు వస్తుంది, నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టి నాలుగు దిక్కులకీ తిప్పి ఒత్తి చూడండి, ఒక్కో ముప్పావు వృత్తం పక్కదాని పట్టీని ఎలా ఎదుర్కుంటుందో చూసి తర్వాతి డిజైన్ అక్కణ్ణుంచే మొదలెట్టొచ్చు.